చెక్క ఇంకా ఆరలేదు

మా షాపు బోర్డు మీద "మొద్దు తలుపులు" అని ఉంటుంది. రాసింది నేనే. ఏడో తరగతితో చదువుకి దండం పెట్టినవాడికి ఇంత చక్కటి చేతిరాత ఎలా వచ్చిందని ఇప్పటికి నాలుగు వేలమంది అడిగారు. నాలుగు వేలు కాకపోతే నలుగురు. బోర్డు చదివి నవ్వుకుంటూ లోపలికి వచ్చినవాళ్ళు, "ఆ మొద్దు ఎవరండీ, మీరేనా?" అంటారు. నేను వార్నిష్ బ్రష్షుతో వెనక్కి చూపిస్తాను. అక్కడ ఒళ్ళంతా చెక్కపొట్టుతో చిత్రిక పడుతున్న ఒకావిడ, తలెత్తకుండానే "నేనే, చెప్పండి" అంటుంది. దాంతో వాళ్ళ నవ్వు ఎటు పోతుందో పోతుంది.

ఊరు మొత్తం మీద చెప్పిన రోజుకి తలుపు ఇచ్చే వడ్రంగి ఆవిడ ఒక్కతే. ఇది నా కోత కాదు. మిగతా వడ్రంగుల్ని అడిగి చూడండి. "చెక్క ఇంకా ఆరలేదండీ" అంటారు. నిప్పులు చెరిగే ఎండల్లో కూడా వాళ్ళ చెక్క ఆరదు. పెళ్ళికని చెప్పిన మంచం పురిటికి వస్తుంది. మొద్దు మాత్రం ఇరవై ఏళ్ళలో ఆ మాట ఒకే ఒక్క మనిషితో అన్నది. ఆ సంగతే ఇది.

మామూలుగా నేను చెప్పే కథల్లో ఏనుగులుంటాయి. మా స్టూలెక్కి ఏనుగు గోడకి సున్నం వేసి దిగిందని చెబితే నమ్మి రెండు స్టూళ్ళు కొనుక్కెళ్ళినవాళ్ళున్నారు. ఇందులో ఏనుగు లేదు. ఉంటే బాగుండేది, ఒకాయన మీదుగా నడిపించేవాణ్ణి.

మొద్దూ నేనూ పక్కపక్క ఇళ్ళలో పెరిగాం. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. తనకి ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. నాన్న తనని అన్నగారింట్లో దింపి, పని వెతుక్కుని నెల రోజుల్లో వస్తానని వెళ్ళాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

ఆ అన్నగారు, అంటే మొద్దుకి పెదనాన్న, ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి తీసిన పాపిడి, ఎప్పుడూ పెరగని గొంతు. "తమ్ముడి కూతుర్ని పెంచుతున్నాడు, ఒక్క దెబ్బ వేసి ఎరగడు" అని వీధంతా చెప్పుకునేది. నిజమే, దెబ్బ వెయ్యలేదు. ఆ ఇంట్లో వెనకవైపు సామాన్ల గది ఒకటి ఉండేది. విరిగిన ఫ్యాను, తుప్పు పట్టిన ట్రంకు పెట్టెలు, తాడుతో కట్టిన పాత పేపర్లు, ఫినాయిల్ డబ్బా. కిటికీ లేదు, పైన జానెడు వెంటిలేటరు. నాలుగు పలకల తలుపు, దానికి బయటివైపు గడియ. నీళ్ళు ఒలికినా అందులోకే. పిలిస్తే ఆలస్యంగా పలికినా అందులోకే. ఏడ్చినా అందులోకే, ఏడవకపోతే పొగరని అందులోకే. "మొద్దు మొహమా, పో" అనేవాడాయన, మెల్లగా, ఎవరినో అన్నానికి పిలిచినట్టు. ఐదేళ్ళ పిల్ల తనంతట తనే నడిచి లోపలికి వెళ్ళి నిలబడేది. ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కేది నాకు అక్కడే. ఈడ్చుకెళ్ళి పడేసినా ఇంత కడుపు మండేది కాదేమో.

పెద్దమ్మ వంటగదిలో గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ తోమేది. ఏదీ వినపడకుండా ఉండటానికి అదో పద్ధతి.

రాత్రి నిద్ర లేని పిల్ల బళ్ళో కూర్చుంటే కళ్ళు మూతలు పడవూ? టీచరు కూడా మొద్దు అన్నది. నేను ఊరుకుంటానా, దాని మీద పాట కట్టాను. క్లాసంతా పాడింది. నా కోతలకి దొరికిన మొదటి చప్పట్లు అవే.

ఇంకోటి కూడా చేశాను. మా గదిలో గోడకి చెవి ఆనిస్తే అవతల గీరుతున్న చప్పుడు వచ్చేది. ఏమిటదని మా వీధి పిల్లలు అడిగారు. ఆ ఇంట్లో మేకంత పందికొక్కు ఉందని, దానికి మీసాలున్నాయని, పెదనాన్నగారి చెప్పు ఒకటి తినేసి రెండోదాని కోసం గోడ తవ్వుతోందని చెప్పాను. పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ వచ్చి గోడకి చెవులు పెట్టి విని, నవ్వుకుని వెళ్ళారు. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. తెలిసే చెప్పాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళే కదా అని ఎవరైనా నన్ను సముదాయించబోతే వాళ్ళ మీద కూడా కోపం వస్తుంది.

తనకి పన్నెండేళ్ళప్పుడు పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ అమ్మాయి ముగ్గురూ రెండు రోజులు ఊరెళ్ళారు. మొద్దుని గదిలో పెట్టి, ఒక నీళ్ళ సీసా, ఒక రొట్టె పొట్లం లోపలికి తోసి, గడియ వేసి వెళ్ళారు. ఏం తప్పు చేసిందని అడిగితే మొద్దుకి ఇప్పటికీ గుర్తు లేదు. వాళ్ళకి మాత్రం గుర్తుండి చచ్చిందా?

ఏడేళ్ళపాటు ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్న పిల్ల, గడియ అవతల ఉంది గానీ తలుపుని గుమ్మానికి పట్టి ఉంచే బందులు తనవైపే ఉన్నాయని ఆ రోజు గమనించింది. ప్రతి బందులోనూ పైకి లాగితే వచ్చే ఇనప శీల ఒకటి ఉంటుంది. ఫ్యాను బోల్టు కింద పెట్టి, ట్రంకు పెట్టె తాళంతో పైకి కొట్టింది. టక్, టక్. మా గోడకి ఆ చప్పుడు వినపడింది. నేను లేచి వెళ్ళలేదు. శీలలు రెండూ ఊడాక, తలుపుని గడియ వైపు కాకుండా బందుల వైపునుంచి లోపలికి లాక్కుని, ఆ సందులోంచి బయటపడింది. శీలలు రెండూ గుప్పిట్లో పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. అక్కడ వడ్రంగి షాపు తెరిచి ఉంది.

మేస్త్రి నోరు విప్పితే తిట్టే, మూస్తే చుట్టే. "ఎవరే నువ్వు?" అన్నాడు.

"మొద్దు."

"ఏం మొద్దు? టేకు మొద్దా, తుమ్మ మొద్దా?"

పిల్ల ఆలోచించి, "తెలీదండీ" అంది.

"మొద్దువై ఉండి ఏ మొద్దువో తెలీకపోతే ఎట్లా? తెలిసేదాకా ఇక్కడే కూర్చో. ఆ చేతిలో ఏంటి?"

శీలలు చూపించింది. మేస్త్రి వాటిని తిప్పి చూశాడు. ఏ వైపునుంచి కొట్టారో ఇనుము మీద గుర్తులుంటాయి. చుట్ట తీసి కింద పెట్టాడు.

రెండు రోజులకి పెదనాన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చి, పిల్లని పంపమన్నాడు. మేస్త్రి ఉలి పదును చూసుకుంటూ, "బందులు ఊడదీసిన పిల్లని మళ్ళీ ఏ గదిలో పెడతారండీ?" అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఒక కంచం తగ్గిందని సంతోషించే ఉంటాడు. వీధిలో మాత్రం, "పని నేర్పించడానికి నేనే పెట్టాను" అని చెప్పుకున్నాడు. కోతలు కోసే హక్కు నాదనుకుంటే, నన్ను మించిన ఘనుడు.

మేస్త్రి భార్య పక్క వేస్తే గదిలోకి రానంది మొద్దు. షాపు ముందు భాగంలో, తలుపు బార్లా తెరిచి పడుకునేది. అంకెలు టేపు మీద నేర్చుకుంది, అక్షరాలు ప్లైవుడ్ మీద ముద్రలు చూసి నేర్చుకుంది. పదిహేనేళ్ళకి కంటితో దూలం చూసి కొలత చెప్పేది, అంగుళం తేడా వస్తే ఆ పూట అన్నం మానేసేది. కుర్చీలు చేసింది, బీరువాలు చేసింది, ఆరేళ్ళపాటు తలుపు మాత్రం ముట్టలేదు.

ఎందుకంటే మేస్త్రిది ఒక పద్ధతి. తలుపు కొలవాలంటే వడ్రంగి లోపలికెళ్ళి తలుపు మూసుకోవాలి. చీకట్లో నిలబడితే వెలుతురు ఎక్కడ దూరుతుందో అక్కడ తేడా ఉన్నట్టు. టేపు అబద్ధం చెప్పినా వెలుతురు చెప్పదంటాడు. మొద్దుకి లోపలినుంచి మూసుకోవడమంటే ఒళ్ళు చల్లబడిపోయేది. ఏడో ఏడు మేస్త్రి ఒక పని చేశాడు. తనని లోపలికి పంపి, తలుపు దగ్గరికి వేసి, బయట నిలబడి పాట అందుకున్నాడు. ఆయన గొంతుకి కుక్కలు లేచి మొరిగాయి. పాట వినపడుతున్నంతసేపూ బయట మనిషి ఉన్నట్టే. మొద్దు వణుకుతూనే కొలత చెప్పింది. సరిగ్గా చెప్పింది.

నేను ఇరవై ఒకటో ఏట ఆ షాపులో పాలిష్ పనికి చేరాను. అంతకుముందు ఏం చేశానని అడిగితే ఓడ నడిపానని చెప్పాను. "సముద్రం ఎటు ఉందో చెప్పరా" అంది మొద్దు. చిన్నప్పటి పాట గురించి క్షమించమని అడిగాను. "మాటలు పోనీ. బాణీ మరీ దరిద్రంగా ఉంది" అని చిత్రిక తీసుకుంది. పందికొక్కు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మేస్త్రి పోయాక బయట నిలబడే పని నాకొచ్చింది. నాకు పాట రాదు కాబట్టి కోతలు చెబుతాను. మొద్దు లోపల వెలుతురు చూసుకుంటుంది, బయట నేను మొసలితో కుస్తీ పడుతుంటాను. "ఇక చాలు, మొసలిని ఒదిలెయ్" అంటూ బయటికొస్తుంది.

ఇలా షాపు తనదైంది. బస్సు డ్రైవరుని పెళ్ళి చేసుకుంది. తన చేత్తో రెండు గదుల ఇల్లు కట్టుకుంది, గదుల మధ్య తలుపుల్లేవు. పాపం ఆ డ్రైవరు ఇరవై ఏళ్ళుగా సొంత ఇంట్లో దగ్గి గది మారుతున్నాడు. హారన్ ఒక్కటే తక్కువ.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున పెదనాన్న మా షాపులోకి వచ్చాడు. డెబ్బై దాటాయి. పెద్దమ్మ పోయింది. చొక్కా మాత్రం అదే ఇస్త్రీ. బోర్డు చూసి మురిసిపోయి వచ్చినట్టున్నాడు.

"ఏమ్మా మొద్దూ, బాగా పైకొచ్చావు. ఎంతైనా మన ఇంటి క్రమశిక్షణ."

మొద్దు చిత్రిక ఆపలేదు. "ఏం కావాలండీ?"

"అండీ ఏమిటే, పెదనాన్నని పట్టుకుని. సామాన్ల గది తలుపుకి చెద పట్టింది. కొత్తది చెయ్యాలి. గడియ మాత్రం గట్టిది చూసి పెట్టు. ఇప్పుడున్నది లోపలినుంచి తంతే ఊగుతోంది."

చిత్రిక ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ కదిలింది.

"రేపు పదింటికి వస్తాను. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"నేను, మనవరాలు. మీ అక్క పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు కదా. మొగుడు వదిలేశాక పిల్లని నా దగ్గర పెట్టింది."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఊరుకుని, బ్రష్షు విసిరికొట్టాను. "ఆయనకి తలుపు చేస్తావా? ఆ గదికి? సిగ్గుందా నీకు? మేస్త్రి ఉంటే ఉలి పెట్టి..."

"ఒరేయ్" అంది మొద్దు. నెమ్మదిగానే అంది. "సామాన్లు తంతాయా?"

మర్నాడు పదింటికి వెళ్ళాం. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది మొద్దు. హాల్లో పెద్ద టీవీ, దాని ముందు పడక కుర్చీ. మూల మెట్టు మీద ఏడేళ్ళ పాప పుస్తకం పట్టుకుని కూర్చుంది. పుస్తకం తలకిందులుగా ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, చూపు కూడా తిప్పలేదు.

పెదనాన్న కుర్చీలో సర్దుకుంటూ, "మొద్దూ, మంచినీళ్ళు" అన్నాడు.

ఇద్దరు తిరిగారు. మెట్టు మీది పాప, గుమ్మంలో మా మొద్దు.

పాప గబగబా వంటింట్లోకి పరిగెత్తింది. మొద్దు అలా చూస్తూ నిలబడింది. నేను పళ్ళు నూరాను. ఆ మాట తిట్టు కాదని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసుకోవడానికి మాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆయన దాన్ని ఇంకో పిల్లకి తొడిగాడు.

మొద్దు సంచి దించి సామాన్ల గది దగ్గరికి నడిచింది. అదే తలుపు. కింద జానెడు మేర చెద తినేసింది. మెడలో టేపు వేసుకుని, సుత్తి నడుముకి దోపుకుని, నావైపు చూసి తలూపింది. లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను బయట నిలబడి గొంతు సవరించుకున్నాను. మొసలిని మొదలుపెట్టబోతున్నాను.

నా వెనకనుంచి పెదనాన్న వచ్చాడు. నీళ్ళ గ్లాసు ఎడం చేతిలో ఉంది. కుడిచెయ్యి దానంతట అదే లేచింది. గడియ పట్టుకుని పక్కకి జరిపింది. టక్.

కావాలని చేయలేదు. అది ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ తలుపు మూసి కనపడితే ఆయన చెయ్యి చేసే పని అదొక్కటే, అలవాటు. ఫ్యాను స్విచ్చు తీసినట్టు. గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగాడు కూడా. కావాలని చేసి ఉంటే తిట్టేవాణ్ణి. జీవితంలో మొదటిసారి చెప్పడానికి కోత దొరకలేదు.

లోపలినుంచి మొద్దు గొంతు వచ్చింది.

"చెప్పవేంరా?"

గడియ తియ్యబోయాను. "గడియ ముట్టుకోకు. చెప్పు" అంది.

చెప్పాను. "చిన్నప్పుడు ఈ గదిలో పందికొక్కు ఉందని అందరికీ చెప్పాను. మేకంత, మీసాలతో. అందరూ నవ్వారు. లోపల ఉన్నది నువ్వని నాకు తెలుసు."

సుత్తి దెబ్బ పడింది. టక్. ఆగింది. "మీసాలు కూడా పెట్టావురా?" అంది లోపలినుంచి. టక్, టక్. పై బందు శీల కింద పడి దొర్లిన చప్పుడు. తర్వాత కింది బందుది. పెదనాన్న, "ఏంటి, ఏంటిది, గడియ తీస్తా ఉండు" అంటూ ముందుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. నేను బక్కవాణ్ణే, అయినా ఆ రోజు గుమ్మమంత వెడల్పు ఉన్నాను. ఇది కోతే అనుకోండి.

గడియ వేసింది వేసినట్టే ఉంది. తలుపు బందుల వైపునుంచి కదిలి, లోపలికి జారి, కాలినుంచి చెప్పు ఊడినట్టు గడియలోంచి ఊడొచ్చింది. మొద్దు దాన్ని రెండు చేతులతో ఎత్తి హాల్లోకి తెచ్చి, లోపలివైపు వెలుతురుకి తిప్పి గోడకి ఆనించింది.

గోళ్ళ గీతలు. నడుమెత్తున పాతవి, నల్లబడినవి. వాటికి కింద తెల్లగా కొత్తవి. చెక్క పీచు ఇంకా లేచే ఉంది.

పాప వంటింటి గుమ్మంలో ఉంది. మొద్దు మోకాళ్ళ మీద కూర్చుంది. "నిన్న ఎంతసేపమ్మా?"

పాప తాతవైపు చూసింది. తర్వాత ఖాళీ గుమ్మంవైపు చూసింది. "రెండు సినిమాలు" అంది. "టీవీలో."

"పిల్ల మహా మొండిది" అన్నాడు పెదనాన్న. "నేను చెయ్యి ఎత్తి ఎరగను. కావాలంటే అడుగు."

"అడగక్కర్లేదు. మీరు చెయ్యి ఎత్తనక్కర్లేదు కదా, పక్కకి జరిపితే చాలు." మొద్దు గొంతు అప్పుడు లేచింది. షాపులో రంపం మిషను మీద కూడా అంత గొంతు వినలేదు నేను. "ఏడేళ్ళు నేనే తప్పు చేశాననుకున్నాను. ఏ తప్పో గుర్తు రాక, గుర్తు రాకపోవడం కూడా తప్పేననుకుని, నేనే నడిచి వెళ్ళి నిలబడ్డాను. మీ చేతికి అసలు కారణమే అక్కర్లేదు. ఇప్పుడు నేనేం తప్పు చేశానని వేశారు?"

ఆయన తన కుడిచేతివంక చూసుకున్నాడు. నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన ఏడుస్తాడేమోనని నాకు భయం వేసింది. ఏడిస్తే మొద్దు కరుగుతుందేమోనని. ఏడవలేదు, నయం.

మొద్దు రంపం తీసింది. తలుపుతో ఆగలేదు, ద్వారబంధం కూడా నాలుగు వైపులా కోసి గోడలోంచి పెకలించింది. గంటన్నర పట్టింది. "ఇదెందుకు తీస్తున్నావ్?" అంటే, "చెద దీనికీ పట్టిందండీ" అంది. పట్టలేదు. మొద్దు ఆడిన మొదటి అబద్ధం అది, నాతో కలిసి పనిచేసిన ఫలితం. అన్నీ తోపుడుబండి మీద వేసుకుని, పాపని పక్కన నడిపించుకుని షాపుకి వచ్చాం. ఎక్కడికని ఆయన అడగలేదు.

ఫోను చేస్తే అక్క సాయంత్రం బస్సుకి వచ్చింది, యూనిఫాంలోనే. పాప వచ్చి అమ్మ నడుము పట్టుకుని వదల్లేదు.

"నాకు తెలీదే" అంది అక్క.

"నీకు తెలుసు. నీ గది ఆ గది పక్కదే" అంది మొద్దు. తలుపు చూపించింది. "ఇవి నీ కూతురివి. ఇవి నావి." వేలు ఇంకాస్త పక్కకి జరిపింది. "ఇవి నావి కావు. ఇన్నేళ్ళూ నావే అనుకున్నా. నా గోళ్ళ ఎడం ఇది కాదు."

అక్క చూసింది. చెయ్యి చాపి నాలుగు వేళ్ళూ ఆ నాలుగు గీతల మీద ఆనించింది. వేళ్ళు ఇప్పుడు పెద్దవయ్యాయి, పట్టలేదు.

"నువ్వు రాకముందు" అంది. "నువ్వొచ్చాక నన్ను వెయ్యడం మానేశాడు."

అప్పుడు మొద్దు అక్కని కొట్టి ఉంటే నేను ఆపేవాణ్ణి కాదు. కావలించుకుని ఉన్నా ఆపేవాణ్ణి కాదు. రెండూ చెయ్యలేదు. "తెలిసీ పిల్లని వదిలావు" అంది.

"ముసలాడయ్యాడు, మారి ఉంటాడనుకున్నాను."

"అనుకున్నావు" అంది మొద్దు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. నెలకోసారి వెళ్ళి పాపని చూసి వస్తుంది, అక్కతో అవసరానికి మించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడదు. నర్సుల క్వార్టర్సులో అక్కకి ఒకే గది. ఆ గది తలుపుకి మొద్దు వెళ్ళి గడియ బిగించి వచ్చింది, లోపలివైపు, ఏడేళ్ళ పిల్ల చెయ్యి అందే ఎత్తులో. పాప దాన్ని వేసి, తీసి, వేసి, తీసి, ఆ పూటంతా అన్నానికి రాలేదట.

పెదనాన్న సామాన్ల గదికి ఇప్పుడు తలుపు లేదు. గోడలో పెద్ద బొక్క, దానికి దుప్పటి వేలాడదీశాడు. ఊళ్ళో వడ్రంగులందర్నీ పిలిపించాడు. ప్రతివాడూ వచ్చి, గోడ చూసి, "పాతది ఎవరు తీశారండీ?" అంటాడు. మొద్దు అని చెప్పగానే, "ఆవిడ కొలత తీసుకున్నాక మేం చెయ్యి పెట్టం" అని టేపు చుట్టుకుని వెళ్ళిపోతాడు. ఎందుకంటే వాళ్ళకి అంతకుముందే నేను ఇంటింటికీ వెళ్ళి జరిగింది చెప్పాను. ఏనుగుల్లేకుండా, పందికొక్కు లేకుండా, ఉన్నది ఉన్నట్టు. ఒక్కడు కూడా నన్ను నమ్మడేమో అనుకున్నాను. ఒక్కడు కూడా నవ్వలేదు.

ఆ తలుపు మా షాపు వెనక గోడకి ఆనించి ఉంది, లోపలివైపు బయటికి తిప్పి. అమ్మకానికి కాదు.

మూడేళ్ళయింది. తలుపు ఎప్పుడిస్తావని రెండు నెలలకోసారి పెదనాన్న ఫోను చేస్తాడు. మొన్న కూడా చేశాడు. మొద్దు చేతులు తుడుచుకుని, ఫోను చెవికి పెట్టుకుని, ఆయన చెప్పేదంతా ఓపిగ్గా విన్నది. బయట ఎండ మండిపోతోంది. ఎదురుగా మా పలకలు ఎముకల్లా ఎండి, వేలితో తడితే గంటల్లా మోగుతున్నాయి.

"ఇంకా ఆరలేదండీ" అంది మొద్దు. "చెక్క ఇంకా ఆరలేదు."